ఆర్కిటిక్ విధాన పత్రము – ఒక పరిశీలన

భారత ప్రభుత్వము 2022 మార్చిలో ఉత్తరధ్రువ ప్రాంతమును గూర్చి ఒక విధాన పత్రమును ప్రకటించినది. విజ్ఞాన పరిశోధన, శీతోష్ణస్థితి–పరిసరముల రక్షణ, ఆర్థిక–మానవాభివృద్ధి, రవాణా–అనుసంధానము, పరిపాలన–అంతర్జాతీయ సహకారము, జాతీయ సామర్థ్య నిర్మాణము అనునవి దాని ఆరు అంగములు. సముద్రమునకు దూరముగా మేడ్చల్, శామీర్‌పేటలలో చదువుకొను విద్యార్థికి దీనితో ఏమి పని? ధ్రువపు మంచునకును మన ఋతుపవనములకును గల సంబంధమును శోధింపవలెనని పత్రము చెప్పుచున్నది. ఇది దాని ముఖ్యమైన సుగుణము.

తాజా హిమముతో కప్పబడిన మంచు తనపై పడిన సూర్యకాంతిలో నూటికి ఎనుబది పాళ్ళకు పైగా తిప్పికొట్టును. మంచు తొలగిన సముద్రము తొంబది పాళ్ళకు పైగా పీల్చుకొనును. కరగినకొలది వేడి, వేడెక్కినకొలది కరగుట – ఇదొక చక్రము. 1979లో ఆరంభమైన ఉపగ్రహ కొలతలలో 2012 సెప్టెంబరునాటి విస్తీర్ణము, సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లు, అన్నిటికంటె తక్కువది.

ఇచ్చటనే పత్రములోని చిక్కు కనబడును. ఒక అంగము మంచును రక్షింపుమనును. మరొకటి మంచు కరగుటవలన తెరచుకొను ఓడదారిని ఆశించును. ఈ రెండును ఢీకొన్నప్పుడు దేనికి ముందు స్థానమో స్పష్టపడదు. పైగా ఆ దారి మనకు ఎంత దగ్గర? ఉపాధ్యాయులు గోళముపై దారముతో కొలిపించి చూడవచ్చును. యొకొహామా నుండి రోటర్‌డామ్‌కు ఉత్తరపు దారి సూయజ్ దారికంటె సుమారు మూడవవంతు తక్కువ. విశాఖపట్నము నుండి కొలిచినచో సూయజ్ దారియే ఎంతో దగ్గర. కనుక ఈ దారివలన మనకు కలుగు లాభమును అతిగా ఊహింపరాదు.

సముద్ర భద్రత ఇంకను జటిలమైనది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందములోని 234వ అధికరణము, సంవత్సరములో అధికభాగము మంచు కప్పియుండు జలములలో కాలుష్య నివారణకై ప్రత్యేక నియమములు చేయు అధికారమును తీరదేశములకు ఇచ్చుచున్నది. రష్యా, కెనడాలు దీనిని ఆధారము చేసికొనుచున్నవి. మంచు ఆరు నెలలైన నిలువనినాడు ఆ అధికారము ఏమగును? 2017 జనవరి 1 నుండి అమలులోనున్న ధ్రువజల నౌకా నియమావళి ఓడల నిర్మాణమును, నావికుల శిక్షణను చెప్పును గాని ఈ ప్రశ్నకు బదులు చెప్పదు.

అనగా మంచు మందము, విస్తీర్ణము కొలుచువారును, చట్టము చదువువారును కలిసి కూర్చొనవలసిన విషయమిది. 1998లో స్థాపింపబడి, ఇప్పుడు శామీర్‌పేటలోనున్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమును, అక్కడికి కొద్దిదూరములో 2008లో ఆరంభమైన బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణమును ఇరుగుపొరుగు సంస్థలే. మన పాఠ్యక్రమములో మాత్రము మంచు భౌతికశాస్త్రములో, ఒప్పందములు పౌరశాస్త్రములో, ఓడదారులు భూగోళములో విడివిడిగా ఉన్నవి. ఈ మూడింటిని ఒక తరగతిలో కలిపి బోధించినప్పుడే విద్యార్థి ఇట్టి ప్రభుత్వ పత్రమును చదివి, సరియైన ప్రశ్న వేయగలడు.