పాడుపడిన పల్లె, మునిగిన పల్లె

ఆంగ్లకవి గోల్డుస్మిత్తు 1770లో ప్రకటించిన 'డిజర్టెడ్ విలేజ్' కావ్యమున పల్లెటూరి పంతులును వర్ణించిన భాగమును మేము విద్యార్థులచేత పలుమారులు చదివించితిమి. పంతులుగారి పాండిత్యమునకు పిల్లలు నవ్వుదురు, పాఠము ముగియును. ధనికుని విలాసమునకై ఆ పల్లె యెట్లు పాడుపడెనో, అందలి జనులు గూడు విడిచి సముద్రము దాటి యేల పోయిరో తెలుపు భాగమును మేము విడిచితిమి. కావ్యమునకు ప్రాణము అదియే.

ఈ లోపము మాకు తెలియవచ్చినది ఆత్మకూరు చేరువనున్న సోమశిలకడ. పెన్నానదిపై కట్టిన ఆ జలాశయము సుమారు 78 టీఎంసీల నీటిని పట్టును. దాని మూలమున దిగువ పొలములు పండుచున్నవి. ఎగువను కడప జిల్లా పల్లెలు మునిగినవి. జలాశయము వలదని మే మనము. ఉదయగిరి మెట్టవారికి నీటి విలువ యొకరు చెప్పవలెనా? అయితే నాడు అమలునందుండిన 1894వ సంవత్సరపు భూసేకరణ చట్టము భూమికి వెల కట్టెనే కాని, నిలువనీడ పోయినవానికి మరల నిల్లు చూపు బాధ్యతను ప్రభుత్వముపై నుంచలేదు. 2013వ సంవత్సరపు చట్టము కౌలుదారును, కూలివానిని సైతము లెక్కకు దెచ్చి, ఇల్లు కోల్పోయిన గ్రామీణునకు ఇల్లు విధించెను. ఏనాడో ముగిసిన ముంపునకు అది అక్కరకు రాదు.

గోల్డుస్మిత్తు విలపించెను, పాలకులను హెచ్చరించెను. నిర్వాసితునకు చెల్లవలసిన దేమో చెప్పలేదు. ఆ కొరత కవిది. ఆ భాగమునే దాచిన తప్పు మాది. ఇకమీదట పంతులును జూచి నవ్విన పిల్లలచేతనే, ఆ పల్లెవా రెచ్చటికి పోయిరని కూడ అడిగింతము.