అడుగని ప్రశ్న: 'డెమనాలజీ' గ్రంథ విమర్శ

1590లో డెన్మార్కునుండి స్వదేశమునకు మరలుచున్న స్కాట్లండు రాజు ఆరవ జేమ్సు ఓడ తుఫానులలో చిక్కెను. ఆ నేరము మోపబడిన మంత్రసాని ఆగ్నెస్ శాంప్సన్, చిత్రహింసలకు తాళలేక ఒప్పుకొని, 1591లో మరణశిక్ష పొందెను.

రాజు 1597లో ప్రకటించిన 'డెమనాలజీ' ఇరువురి సంభాషణము. శైలి సుబోధకమే, తర్కమే లోపము. మంత్రగత్తెను గుర్తించుటకు అందు రెండు పరీక్షలు కలవు: దేహముపై స్పర్శలేని మచ్చ, నీట మునగకుండుట. మొదటిది ఎవరికైనను ఉండవచ్చును. రెండవది ఊపిరితిత్తులలోని గాలిపై, దేహసాంద్రతపై ఆధారపడును. నిర్దోషులను పరీక్షించినచో ఫలితమేమి? సంశయించు పాత్ర ఈ ప్రశ్న అడుగనే లేదు.

ప్రయోగమున పోలికకొరకు వేరొక నమూనా ఏల ఉంచవలెనని విద్యార్థి అడిగినచో, ఉపాధ్యాయుడు ఆగ్నెస్ కథ చెప్పవచ్చును.