పెద్దయా, యాజకుడా?

పాశ్చాత్యుల కథలను తెనిగించువారు ‘ప్రీస్టు’ అను మాట కనబడినంతనే ‘పురోహితుడు’ అని వ్రాసి ముందునకు సాగుట పరిపాటియైనది. ఇది స్వల్పదోషముగా దోచవచ్చును. కాని యా మాట పుట్టువును విచారించినచో, ఒక్క పదముక్రింద రెండు వేరు పదవు లెట్లు చేరినవో తెలియగలదు.

గ్రీకు భాషలో ‘ప్రెస్బుతెరోస్’ అనగా వయసున పెద్దవాడు. తొలినాటి క్రైస్తవసంఘములలో మంచిచెడ్డలు విచారించు పెద్దల కీ పేరుండెను. లాటిను దానినే ‘ప్రెస్బితెర్’ అని గ్రహించినది. అందుండి ఫ్రెంచిలో ‘ప్రెత్ర్’, ఇటాలియనులో ‘ప్రెతె’, రుమేనియనులో ‘ప్రెయోత్’ కలిగినవి. లాటిను సంతతి కాని భాషలును దీనిని స్వీకరించినవి. జర్మను ‘ప్రీస్టర్’, ఇంగ్లీషు ‘ప్రీస్టు’ దాని రూపములే. మన మెరిగిన ‘పాదిరి’ మాత్ర మీ కుదురుది కాదు. అది తండ్రి యను నర్థముగల పోర్చుగీసు ‘పాద్రె’నుండి వచ్చినది.

బలి నర్పించువానికి లాటినున ‘సాసెర్దోస్’ అని వేరుపేరు గలదు. గ్రీకునను వేరుమాటయే యున్నది. క్రొత్తనిబంధన సంఘపు పెద్దల నా పేరున పిలువలేదు. కాలక్రమమున పూజాధికారము పెద్దలకే సంక్రమించెను. తుదకు ఇంగ్లీషున రెండింటికిని ‘ప్రీస్టు’ అను నొక్కమాటయే వాడుకయైనది.

ఈ ముడిని విప్పబూనినవాడు విలియం టిండేలు. 1526లో ముద్రితమైన తన క్రొత్తనిబంధనలో నతడు సంఘపు పెద్దలను ‘ప్రీస్టు’ లనక ‘సీనియరు’ లనియు, 1534లో ‘ఎల్డరు’ లనియు వ్రాసెను. థామస్ మోరు దానిని తీవ్రముగా ఖండించెను. ఆ వివాదము నిఘంటువును గూర్చినది మాత్రమే కాదు, గురువుల యధికారమును గూర్చినది. 1536లో టిండేలు మతద్రోహి యని చంపబడెను. దానికి ఈ యొక్కమాటయే కారణ మనరాదు. 1611 నాటి యనువాదము సంఘపు పెద్దలకు ‘ఎల్డరు’నే నిలిపి, ‘ప్రీస్టు’ను బలి నర్పించువారికి విడిచినది. పెద్ద యను మాటనుండి పుట్టిన పదము పెద్దకే దక్కక పోయినది!

తెలుగు బైబిలు ‘యాజకుడు’, ‘పెద్ద’ అని రెండుమాటలు వాడుట మెచ్చదగినది. 1947లో నేర్పడిన దక్షిణ భారత సంఘము తన గురువులకు ‘ప్రెస్బిటరు’ అను ప్రాతపేరునే యుంచినది. పెద్దవాడను నర్థముగల యా పేరున నేడు స్త్రీలును పనిచేయుచున్నారు.

వాడుకయే యర్థమును నిర్ణయించును గాని వ్యుత్పత్తి కాదని కొంద రనవచ్చును. నిజమే. అందుచేతనే యనువాదకుడు పేరును గాక పనిని చూడవలెను. ఫ్రెంచి పల్లెలోని కథోలిక గురువు అవివాహితుడు. ఆ పదవి తండ్రినుండి కొడుకునకు వచ్చునది కాదు. అతనిని ‘పురోహితుడు’ అన్నంతనే మన యిల్లాండ్ర మనస్సున పంచాంగము, పెండ్లిపీటలు, వంశపారంపర్యవృత్తి మెదలును. కథలో లేని కులవ్యవస్థ కథలో ప్రవేశించును. పుట్టుకతో వచ్చు నధికార మెల్లదేశములందును గలదని చదువరి భ్రమపడును. దురాచారములను మాన్పదలచిన మనకు ఇది చిన్న తప్పు కాదు. బలి నర్పించువానిని యాజకుడనియు, సంఘము నడపువానిని పెద్దయనియు, కథోలికుని గురువనియు వ్రాసిన చాలును. మాటలు మనకు కొరతపడలేదు.