లప్పం పెట్టే చెయ్యి

పండక్కి ఇంటికి రంగులేయించాలనుకుంటే షేడ్ కార్డు ముందేసుకుని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతాం. గంధం రంగా, లేత నీలమా అని పూటలకు పూటలు గడుస్తాయి. లప్పం సంగతి మాత్రం ఎవరూ అడగరు. కాలెండరు తగిలించిన మేకు పీకిన చోట పడ్డ గుంత, తోరణం కట్టడానికి ఏటా ద్వారబంధానికి కొట్టిన మేకుల చిల్లులు, గొళ్ళెం మార్చినప్పుడు మిగిలిన మరల బొక్కలు: వీటిని దేనితో పూడ్చారు, ఎన్ని విడతలుగా పూడ్చారు, ఆరడానికి ఎన్నాళ్ళు వదిలారు అన్నదాన్ని బట్టే ఆ తలుపు నాలుగు వానాకాలాల తరవాత ఎలా కనిపిస్తుందో తేలిపోతుంది.

ఈ పని తెలిసినవాళ్ళందరూ పాటించే సూత్రం ఒకటుంది. చిల్లులో పెట్టేది చుట్టూ ఉన్నదానికి చుట్టం కావాలి. కొయ్య వానాకాలంలో తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది. దానితోపాటు కాస్త సాగి కాస్త ఒదగలేని పదార్థాన్ని అందులో కూరితే, ఎంత గట్టిదైనా సరే, ఒకనాటికి అంచుల వెంట సన్నని గీతపడి బిళ్ళలా ఊడి వస్తుంది. ఇక్కడ గట్టిదనం కంటే పొత్తు కుదరడమే ముఖ్యం.

ఈ పొత్తును కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళంత బాగా ఎరిగినవాళ్ళు తక్కువ. బొమ్మ ఒకే దుంగలోంచి రాదు. తెల్లపొణికి కర్రను ముందు సన్నని సెగ మీద తేమ పోయేదాకా ఆరబెట్టి, ఒళ్ళు వేరుగా, చేతులు వేరుగా, ఏనుగైతే తొండం వేరుగా చెక్కుతారు. అతకడానికి మక్కు వాడతారు. చింతగింజలను వేయించి, పైపొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు తయారవుతుంది. అతుకు దగ్గర సందు పూడ్చేది అదే, ముక్కూ చెవీ తీర్చేదీ అదే. కొయ్యకు కొయ్యపొడినే తోడిచ్చారు కాబట్టి అది ఆరాక బొమ్మతో కలిసిపోతుంది. ఉలి పెడితే తెగుతుంది, ఆకురాయి పెడితే అరుగుతుంది. దాని మీద సుద్ద పూత, ఆ పైన రంగులు. ఇటు చేర్యాలలో మాస్కులు చేసేవాళ్ళ చేతిలోనూ చింతగింజల జిగురూ రంపపు పొట్టే ఉంటాయి. చింతగింజ జిగురుకు ఒక్కటే బలహీనత, నీళ్ళు. తడి తగిలితే మెత్తబడుతుంది, పురుగూ పడుతుంది. అందుకే అది బొమ్మకు సరిపోయింది గానీ వీధి తలుపుకు సరిపోలేదు.

వీధి తలుపుకు నూనె లప్పం కావాలి. మెత్తగా జల్లించిన సుద్దపొడిలో అవిసె నూనె కొద్దికొద్దిగా పోస్తూ పిసకడమే దాని తయారీ. చెప్పడానికి ఇంతే, చెయ్యడానికి చేతులు నొప్పెడతాయి. మొదట పొడి పొడిగా, విరిగిపోతూ ఉంటుంది. అప్పుడే చాలామంది తొందరపడి ఇంకో గరిటెడు నూనె పోస్తారు. పొయ్యకూడదు. అరచేతి మడమతో నొక్కి నొక్కి పిసికితే, పొడిలో ఇరుక్కున్న నూనె మెల్లగా బయటికొచ్చి ముద్ద తనంతట తానే పూరీ పిండిలా దగ్గరపడుతుంది. వేళ్ళకు అంటకూడదు, వేళ్ళతో సాగదీస్తే వెంటనే తెగకూడదు. ఆ ముద్దను ఒక రాత్రి తడిగుడ్డలో చుట్టి ఉంచి, మర్నాడు మళ్ళీ ఓసారి పిసికితే ఇంకా నునుపు తేలుతుంది. మిగిలినదాన్ని నీళ్ళలో ముంచి ఉంచితే పైన పొర కట్టదు.

పొర కట్టడం ఎందుకంటే, అవిసె నూనె నీళ్ళలా ఆవిరై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును పట్టుకుని తనలో తాను అల్లుకుపోయి గట్టిపడుతుంది. అందుకే నీళ్ళతో కలిపిన పుట్టీలా కుంచించుకుపోదు, అందుకే ఆలస్యమూ అవుతుంది. ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే లోపల వేడి పుట్టి వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి, పరిచి, ఆరుబయట ఆరెయ్యాలి.

నూనె లప్పం విషయంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు పూత లేని కొయ్య మీద నేరుగా పెట్టడం. ఎండిన కొయ్య లప్పంలోని నూనెను లాగేసుకుంటుంది. చిల్లులో వట్టి సుద్ద మిగులుతుంది, గోటితో గీకితే రాలిపోతుంది. ముందు ప్రైమర్ ఒక పూత కొట్టి, చిల్లు లోపలికి కూడా కుంచె కొసతో అంటించి, అది ఆరాకే లప్పం పెట్టాలి. మేకు కొయ్యలోనే ఉండిపోయేదైతే దాని తలను పంచ్ పెట్టి సుమారు 3 మిల్లీమీటర్లు లోపలికి దించాలి, తల మీద కూడా ప్రైమర్ తగలాలి. లేకపోతే ఇనుము తుప్పు పట్టి, టేకులాంటి కొయ్యల్లోని రసాయనాలతో కలిసి నల్లటి మచ్చ కడుతుంది. ఆ మచ్చ తెల్ల ఎనామిల్ రెండు పూతలను కూడా దాటుకుని పైకొస్తుంది.

పెట్టేటప్పుడు పలుచని ఉక్కు రేకుతో ఒకసారి చిల్లుకు అడ్డంగా గట్టిగా నొక్కి, లోపలి గాలి బయటికి పోయాక, రెండోసారి కొయ్య చార వెంట లాగాలి. వెంట్రుకవాసి ఎత్తుగా వదలాలి. ఆ ఎత్తు తరవాత గరుకు కాగితానికి పోతుంది. లోతైన బొక్కను ఒకే విడతలో నింపకూడదు. పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

పాలిష్ చేసే టేకు తలుపు దగ్గర లెక్క మారుతుంది. రంగు పూత కింద లప్పం దాక్కుంటుంది, పాలిష్ కింద దాక్కోదు. ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి కూరడం ఇప్పుడు అందరికీ అలవాటైంది. ఆ జిగురు ఆరాక పాలిష్‌ను తాగదు, చుట్టూ తేనెరంగు తేలితే ఆ చోట మాత్రం పాలిపోయిన చుక్క మిగులుతుంది. స్పిరిట్‌లో కరిగించిన చపడా లక్కలో, అదే కొయ్యను గరుకు కాగితంతో రుద్దగా వచ్చిన మెత్తటి పొడి కలిపితే పొత్తు బాగా కుదురుతుంది. రంపం కింది పొట్టు ముతక, అది పనికిరాదు. రంగు కలపాల్సి వస్తే కావి, పసుపు మట్టిరంగు చిటికెడు చాలు. కొయ్య మీద స్పిరిట్ గుడ్డతో తుడిస్తే పాలిష్ తరవాత రాబోయే రంగు క్షణం సేపు కనిపిస్తుంది, దానికి సరిపోల్చాలి. తేడా తప్పదనుకుంటే ఒక పాలు ముదురుగా ఉండటమే మేలు. ముదురు చుక్కను కన్ను కొయ్య కణుపనుకుని సరిపెట్టుకుంటుంది, లేత చుక్క దగ్గర ఆగిపోతుంది.

అన్ని గుంతలకూ లప్పం అక్కర్లేదు కూడా. సుత్తి దెబ్బకు కొయ్య నొక్కుకుపోయిందే తప్ప నార తెగలేదనుకోండి. తడిగుడ్డ పరిచి దాని మీద వేడి ఇస్త్రీపెట్టె కాసేపు ఆనిస్తే, ఆవిరికి ఆ నార మళ్ళీ ఉబ్బి పైకి లేస్తుంది. మడతబందు మరలు వదులైతే అది లప్పం పనే కాదు. బొక్కలో సన్నని టేకు పుల్లలు జిగురు రాసి బిగించి, ఆరాక అంచు కోసి, మర మళ్ళీ తిప్పాలి. బరువు మొయ్యాల్సిన చోట కొయ్యే ఉండాలి.

గోడల సంగతికొస్తే, పాత ఇళ్ళ మీద నాకు బెంగ ఎక్కువ. డంగుసున్నం గోడ తేమను పీలుస్తూ వదులుతూ ఉంటుంది. అందులో మేకు చిల్లుకు సిమెంటు కూరితే ఆ ముక్క తేమను పోనివ్వదు, చుట్టూ ఉన్న సున్నం పొడిపొడిగా రాలడం మొదలవుతుంది. 2019 మే నెలలో చార్మినార్ మినారు నుంచి గచ్చు ముక్క ఊడిపడ్డప్పుడు పురావస్తు శాఖ మరమ్మతు చేసింది సున్నపు గచ్చుతోనే. మన తాతల నాటి మిద్దెకూ అదే న్యాయం వర్తిస్తుంది. నానబెట్టిన సున్నం, సన్న ఇసుక కలిపి పెడితే సరిపోతుంది. కొత్త సిమెంటు గోడలకు తెల్ల సిమెంటు పుట్టీ భేషుగ్గా పనిచేస్తుంది, దాంతో పేచీ లేదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ లోపలి పొడి గోడలకే, చెమ్మ తగిలే చోట మెత్తబడిపోతుంది. ఏది పెట్టినా ముందు చిల్లు చుట్టూ పైకి లేచిన పెళ్ళను లోపలికి నొక్కి, దుమ్ము ఊది, నీళ్ళు చిలకరించాలి. పొడి గోడ పుట్టీలోని నీటిని లాగేస్తే అది గట్టిపడదు.

రుద్దే ముందు పాత ఇళ్ళలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన ఎనామిల్ పొరల్లో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దకుండా నీళ్ళు తడుపుతూ రుద్దాలి, పిల్లలనూ గర్భిణులనూ ఆ గదిలోకి రానివ్వకూడదు.

రుద్దడం అయ్యాక దీపాన్ని గోడకు ఆనించి పక్కనుంచి పట్టి చూడాలి. ఎదురు వెలుతురులో కనిపించని గుంత, ఏటవాలు వెలుతురులో నీడ వేసి పట్టిస్తుంది. అలా దొరికినచోట మళ్ళీ లప్పం, మళ్ళీ ఆరడం, దాని మీద ప్రైమర్ ముట్టింపు. ఆ ముట్టింపు లేకపోతే లప్పం పెట్టిన చుక్కలన్నీ రంగును వేరుగా పీల్చి మచ్చలుగా తేలతాయి.

ఇదంతా చదరపుటడుగు లెక్కన ఒప్పుకున్న పనిలో మేస్త్రీకి గిట్టదు. ఆరబెట్టిన రోజుకు కూలి ఎవరూ కట్టరు కాబట్టి, పొద్దున పెట్టిన లప్పం మీద మధ్యాహ్నమే రంగు పడుతుంది. తప్పు అతని చేతిది అనలేం. ఈసారి బేరమాడేటప్పుడు రంగు కంపెనీ పేరుతో పాటు లప్పం ఎన్ని విడతలు, మధ్యలో ఎన్ని రోజులు అని కూడా అడిగి, ఆ రోజులకు విడిగా కూలి ఒప్పుకోండి.