గోడలో మిగిలిన ఆకారం: శామ్యూల్ బాక్ చిత్రాలలో సృష్టి, సిలువ

శ్రమను గూర్చి ప్రసంగించేటప్పుడు మనం ఆదరణ వాక్యానికి త్వరపడతాము. యూదు చిత్రకారుడు శామ్యూల్ బాక్ చిత్రాలు ఆ తొందరను అడ్డగిస్తాయి. ఆయన ఆదికాండమును తిరస్కరించలేదు. శిథిలాల మధ్య కూర్చుని దానిని చదివాడు. ఆ పఠనం నుండి బోధకులు నేర్చుకోవలసినదేమిటో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఈ వ్యాసంలో పరిశీలించగోరుతున్నాము.

1. జీవితం

బాక్ 1933లో, అప్పటి పోలెండ్‌లోని విల్నాలో జన్మించాడు. నేడది లిథువేనియా రాజధాని విల్నియస్. 1941లో జర్మన్ సైన్యం నగరాన్ని ఆక్రమించింది. సమీపంలోని పోనారి అడవిలో సుమారు 70,000 మంది యూదులను కాల్చి చంపారు. బాక్ తల్లి వైపు, తండ్రి వైపు తాతలూ, అమ్మమ్మా, నాయనమ్మా అక్కడే హతులయ్యారు. ఘెట్టోలో తొమ్మిదేళ్ల ఈ బాలుని చిత్రాలను ప్రదర్శనకు పెట్టారు. కవి సుట్స్‌కెవెర్ యూదు సమాజపు పాత దస్తావేజు గ్రంథాన్ని అతని చేతికిచ్చాడు. కాగితం కరువైన ఆ రోజుల్లో దాని ఖాళీ చోట్లలో అతడు బొమ్మలు వేశాడు. తరువాత శ్రమశిబిరం నుండి తండ్రి అతనిని గోనెసంచిలో దాచి బయటికి చేర్చాడు. తల్లికీ కుమారునికీ బెనెడిక్టిన్ కన్యాస్త్రీల మఠం ఆశ్రయమిచ్చింది. 1944 జూలైలో, నగరం విముక్తి పొందడానికి కొద్దిరోజుల ముందు, తండ్రిని చంపివేశారు. యుద్ధానంతరం జర్మనీలో నిరాశ్రయుల శిబిరం, 1948లో ఇశ్రాయేలు, ఆపై పారిస్, రోము మొదలైన నగరాలు దాటి, 1993లో ఆయన అమెరికాలో స్థిరపడ్డాడు. 2017లో విల్నియస్‌లో ఆయన పేరిట మ్యూజియం తెరిచారు.

2. దేవుడు లేని చోటు, దేవుని ఆకారం

రోములోని సిస్టీన్ చాపెల్ కప్పుపై మైకెలాంజెలో గీసిన ఆదాము సృష్టి మనకు సుపరిచితమే. 'యుద్ధకాలపు సృష్టి' అనే వరుసలో బాక్ దానినే తిరిగి గీశాడు. ఇక్కడ ఆదాము చిరిగిన బట్టలతో శిథిలాలపై ఒరిగి చేయి చాపుతున్నాడు. ఎదుట దేవుడు లేడు. బద్దలైన గోడలో ఆయన రూపురేఖలు గల ఖాళీ మాత్రమే ఉంది.

దీనిని నాస్తికత్వమనడం సులభం. మేము అంగీకరించము. గోడలో ఏదో ఒక రంధ్రం కాదు, దేవుని ఆకారమే మిగిలింది. ఉండవలసినవాడు లేడన్న ఫిర్యాదు అది. ఆ ఫిర్యాదుకు లేఖనాల్లో చోటుంది: యోబు దేవునితోనే వాదించాడు, విలాపవాక్యములు ప్రశ్న తెగకుండానే ముగుస్తాయి.

3. చేతులెత్తిన బాలుడు

1943లో వార్సా ఘెట్టో తిరుగుబాటును అణచివేసేటప్పుడు తీసిన ఫోటోలో, తుపాకుల ఎదుట చేతులెత్తిన బాలుడొకడు కనిపిస్తాడు. దాదాపు తన వయసువాడైన ఆ బాలుని బాక్ పదేపదే చిత్రించాడు; కొన్నిచోట్ల ఆ భంగిమ సిలువను తలపిస్తుంది. ఒకే బొమ్మ ఇన్నిసార్లు గీస్తే పదును తగ్గదా అని విమర్శకుడు అడగవచ్చు. ఫోటో కూడా మిగలని పిల్లలు ఎందరో. ఒక్కొక్క చిత్రం వారిలో ఒక్కొక్కరికి చోటిస్తున్నట్లు మాకు తోచింది.

అయితే ఆ బాలుని మన ప్రభువు సిలువకు ఉపమానంగా వాడుకునే ముందు ఆగాలి. శతాబ్దాల తరబడి క్రైస్తవులు ఆ సిలువ పేరుతోనే యూదులను నిందించారు, హింసించారు. బాక్ సిలువను మనకు ఆదరణగా అందించడం లేదు. యూదు బాలుని దేహంపై దానిని చూపి మనలను నిలదీస్తున్నాడు. మఠం తలుపు తెరిచినవారూ క్రైస్తవులే. మౌనంగా ఉన్నవారిలోనూ క్రైస్తవులున్నారు.

4. ముగింపు

బాక్ చిత్రాల్లో పగిలిన వస్తువులు తరచుగా అతుకులతో నిలబడతాయి. ఆ అతుకులను ఆయన దాచడు. పునరుత్థానుడైన ప్రభువు తోమాకు గాయాలు చూపెనని యోహాను 20లో చదువుతాము. ఈ పోలిక మనది, బాక్‌ది కాదు. అయినా గాయాన్ని చూపని నిరీక్షణ బోధ, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట నిలబడలేదు. అలాంటి ఇంట సంఘకాపరి ముందుగా మౌనంగా కూర్చోవాలి. ఆమె ఫిర్యాదును కూడా ప్రార్థనగా వినాలి.