గీత మీద ఒక క్రియ

మా వర్క్‌షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది కొత్త స్కెచ్ పెన్నుల పెట్టె కొనుక్కుని మరీ వస్తారు. మైండ్ మ్యాప్ అంటే రంగులూ బొమ్మలూ అనే అనుకుంటారు. మొదటి గంట ఆ పెట్టె తెరవనివ్వను. ఒక నల్ల పెన్ను, ఒక ఏ3 కాగితం చాలు. ఆ గంటంతా నేను పట్టుబట్టేది ఒక్కదాని కోసమే. కాగితం మీద రెండు మాటల్ని గీతతో కలిపారా, ఆ గీత ఏం చెబుతోందో దాని మీద ఒక క్రియ రాయండి. రాయడానికి ఏమీ తోచకపోతే గీత చెరిపేయండి.

బోద్రీలో ఈ పాఠం చెప్పడమంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్లే దారిలో చిన్న ఊరు. చిన్నదైనా ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నది ఇక్కడే. 2000 నవంబర్ 1న రాష్ట్రంతో పాటే పుట్టిన ఆ కోర్టు మొదట బిలాస్‌పూర్ ఊళ్లో నడిచి, తరవాత ఇక్కడికి వచ్చింది. పక్కనే చకర్‌భఠా విమానాశ్రయం, మరో పక్క రైలు పట్టాలు. అందుకని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా రెండు రకాలు: కేసు ఫైళ్లతో తల మునకలైన జూనియర్ లాయర్లు, రైల్వే ఉద్యోగులు. నడుమ బ్యాంకువాళ్లు, ఆస్పత్రివాళ్లు కొందరు. ఎవరి వృత్తి చూసినా బాధ ఒకటే. పేజీలు పేజీలు రాసుకుంటారు, తీరా కావలసినప్పుడు ఏది దేనికి ఆధారమో దొరకదు.

మైండ్ మ్యాప్‌ను ప్రపంచానికి అలవాటు చేసినవాడు టోనీ బుజాన్ అనే ఆంగ్లేయుడు. 1974లో బీబీసీలో ‘యూజ్ యువర్ హెడ్’ కార్యక్రమం, అదే పేరుతో పుస్తకం వచ్చాయి. కాగితం అడ్డంగా పెట్టుకో, మధ్యలో విషయం బొమ్మగా వేసుకో, అక్కణ్నించి కొమ్మలు లాగు, కొమ్మకొక మాట మాత్రమే రాయి అన్నాడు. ఆలోచనలు ఉప్పొంగుతున్నప్పుడు వాటిని జారిపోకుండా పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నేను చూడలేదు. ఉపన్యాసం తయారుచేసుకోవాలన్నా, కొత్త పని మొదలుపెట్టాలన్నా ఇప్పటికీ అలాగే గీసుకుంటాను. అయితే వృత్తిలో ఉన్నవాళ్లకు అది సగం దూరమే తోడొస్తుంది. బుజాన్ కొమ్మ చెప్పేది ‘ఈ రెంటికీ సంబంధం ఉంది’ అని మాత్రమే. ఎవరినైనా చూపించి ‘మా చుట్టం’ అంటే మనవాళ్లు అక్కడితో ఊరుకుంటారా? ఏ వరస, మేనమామా బావమరిదా అని ఆరా తీసేదాకా వదలరు. కాగితం మీది గీతను కూడా అంత పట్టుదలగానూ అడగాలి.

ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది రైల్వే కాలనీ వాళ్ల వల్ల. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఇటు బిలాస్‌పూర్, అటు వాల్తేరు ఒకే కంపెనీ కింద ఉండేవి. 1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఇటు రావడం ఇంకా సులువైంది. ఖరగ్‌పూర్‌లో లాగే ఇక్కడి రైల్వే కాలనీల్లోనూ తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. వాళ్లలో సెక్షన్ కంట్రోలర్‌గా రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. మావయ్యగారూ అని పిలుస్తాను. ఒకసారి క్లాసుకు రమ్మంటే వచ్చి, మాటా పలుకూ లేకుండా బోర్డుకు ఎడమ పక్కన పైనుంచి కిందికి బిలాస్‌పూర్, దాధాపారా, చకర్‌భఠా, బిల్హా అని రాశారు. అడుగున అడ్డంగా గంటలు, గంటల నడుమ నిమిషాల గళ్లు. బిలాస్‌పూర్ దగ్గర మొదలుపెట్టి కుడివైపు కిందికి ఏటవాలుగా ఒక గీత లాగారు.

“ఇదొక గూడ్సు. గీత పడుకుందంటే బండి నిలబడిపోయిందన్నమాటమ్మా. నిటారుగా దిగిందంటే పరిగెడతన్నట్టు.”

దాని వెనకాలే, కాస్త ఆలస్యంగా బయల్దేరిన ఎక్స్‌ప్రెస్‌కు ఇంకో గీత. అది నిటారుగా దిగుతూ వచ్చి గూడ్సు గీతను సరిగ్గా రెండు స్టేషన్ల మధ్య తాకింది. ఆయన పెన్ను అక్కడ ఆపారు. “ఇక్కడ తగులుకుంటాయి. అంచేత గూడ్సును ముందు స్టేషన్లోనే లూపులో, అంటే పక్క లైన్లో పెట్టెయ్యాలి. బండ్లింకా బిలాస్‌పూర్ దాటకుండానే ఇదంతా నాకు కాగితం మీద కనపడిపోయేది.” గూడ్సు గీతను చకర్‌భఠా దగ్గర కాసేపు పడుకోబెట్టి, ఎక్స్‌ప్రెస్‌ను పైనుంచి దాటించి, మళ్లీ గూడ్సును వాలుగా దించారు. క్లాసులో ఉన్న లాయర్లు కుర్చీల్లోంచి లేచి బోర్డు దగ్గరికి వచ్చేశారు.

ఆ చార్టులో అలంకారం కోసం గీసింది ఒక్కటీ లేదు. వాలు అంటే వేగం. అడ్డంగా సాగితే ఆగడం. రెండు గీతలు కలిశాయంటే అక్కడ ఎవరో ఒక నిర్ణయం తీసుకోవాలి. పారిస్–లియాన్ రైళ్లను ఇలాగే గీతల్లో చూపిన చార్టును ఎతియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1878లో తన పుస్తకంలో అచ్చువేశాడు. ఒకప్పుడు పెన్సిళ్లతో గీసిన కంట్రోల్ చార్టును ఇప్పుడు కంప్యూటర్ గీస్తోంది. భాష మాత్రం మారలేదు. 2022 ఆగస్టు 15న ఇదే జోన్, అంటే బిలాస్‌పూర్ కేంద్రంగా ఉన్న ఆగ్నేయ మధ్య రైల్వే, 295 బొగ్గు వ్యాగన్లతో మూడున్నర కిలోమీటర్ల పొడవున్న ‘సూపర్ వాసుకి’ని కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్‌కు నడిపింది. మామూలు లూప్ లైన్లో పట్టే బండి కాదది. పక్కకు తప్పుకోలేని గీత ఒకటి చార్టు మీద పడిందంటే, మిగతా గీతలన్నీ దాన్ని చూసుకుని సర్దుకోవాల్సిందే.

లాయర్లకు వాలుతో పని లేదు, వాళ్లకు క్రియ కావాలి. ఆ క్రియను గీత మీదికి ఎక్కించినవాడు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జోసెఫ్ నోవాక్. పిల్లల మనసులో సైన్సు భావాలు ఏళ్ల తరబడి ఎలా మారుతూ వస్తాయో పట్టుకోవడానికి 1970లలో ఆయన బృందం కాన్సెప్ట్ మ్యాప్ తయారుచేసింది. అందులో రెండు గడులను కలిపే ప్రతి గీత మీదా ఒక మాట ఉంటుంది. గడి, గీత, గడి కలిపి చదివితే పూర్తి వాక్యం రావాలి. వచ్చిన వాక్యం తప్పయితే తప్పని వెంటనే తెలిసిపోతుంది. నాకు నోవాక్ మీద గౌరవం కలిగింది అందుకే. ఉత్త గీతను తప్పని ఎవరూ అనలేరు, వాక్యాన్ని అనొచ్చు.

న్యాయవాదుల కోసమైతే అంతకు ముందే ఒకాయన ఈ పని చేసిపెట్టాడు. షికాగోలోని నార్త్‌వెస్టర్న్ లా స్కూల్‌కు డీన్‌గా ఉన్న జాన్ హెన్రీ విగ్‌మోర్ 1913లో సాక్ష్యాలను చార్టుగా గీసే పద్ధతి ప్రకటించాడు. సాక్షి నోటి మాటకు చతురస్రం, పరిస్థితులు పట్టిచ్చే సాక్ష్యానికి వృత్తం. రుజువు కావలసిన అసలు విషయం అన్నిటికన్నా పైన. కింది నుంచి బాణాలు ఒక్కో మెట్టూ ఎక్కుతూ అక్కడికి చేరాలి. గుర్తులు మరీ ఎక్కువైపోయి ఆ పద్ధతి చాలాకాలం మూలపడింది. విలియం ట్వైనింగ్ లాంటి పండితులు మళ్లీ వెలుగులోకి తెచ్చారు. నేను ఆ గుర్తుల్లో చాలావాటిని వదిలేసి చతురస్రం, వృత్తం, బాణం మాత్రం ఉంచుకున్నాను. బాణం మీద క్రియ తప్పనిసరి: బలపరుస్తోంది, బలహీనపరుస్తోంది, వేరే కారణం చెబుతోంది.

అభ్యాసానికి నేను అల్లిన కేసు ఒకటి ఇస్తాను. వారపు సంత దగ్గర మోటార్ సైకిల్ పోయింది. నాలుగో రోజు నిందితుడు చూపించగా అతని పశువుల పాకలో ఒక బండి దొరికింది, నంబరు ప్లేటు లేదు. పంచనామా సాక్షుల్లో ఒకడు కోర్టులో ఎదురు తిరిగాడు. నిందితుడేమో తెలియనివాడి దగ్గర కొన్నానంటాడు. ఎఫ్‌ఐఆర్, పంచనామా, వాంగ్మూలాలు అన్నీ కలిపి పది పేజీలకు పైనే. దొంగతనం జరిగిన కొద్ది కాలానికే ఆ సొత్తు ఎవరి దగ్గర ఉందో వాళ్లే దొంగ, లేదా దొంగసొత్తని తెలిసే తీసుకున్నవాళ్లు అని కోర్టు భావించవచ్చన్న సూత్రం, పాత సాక్ష్య చట్టంలో 114, కొత్త భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 119, అందరికీ కంఠతా వచ్చు. అందుకే అందరూ నేరుగా అక్కడికి పరిగెడతారు.

ఒకరోజు ఒక అమ్మాయి ‘పాకలో బండి దొరికింది’ అనే వృత్తం నుంచి ‘అది ఫిర్యాదుదారు బండే’ అనే మెట్టుకు బాణం వేసి, క్రియ దగ్గర ఆగిపోయింది. ‘బలపరుస్తోంది’ అని రాయబోయి పెన్ను పక్కన పెట్టింది. ఫైలు మళ్లీ మొదటి నుంచి తిరగేసింది. జప్తు పత్రంలో ఛాసిస్ నంబరు ఉంది. ఫిర్యాదుదారు వాంగ్మూలంలో ఆ నంబరు లేదు, ఆర్‌సీ పుస్తకం దాఖలు చేయలేదు, బండిని చూసి ఇది నాదే అని ఎవరూ గుర్తుపట్టలేదు. “దీదీ, యహా కుఛ్ నహీ హై”, ఇక్కడేమీ లేదు అంది, బాణం మధ్యలో వేలు పెట్టి. నేను కావాలనే అక్కడ గొయ్యి తవ్వి ఉంచాను. ఆరు పేజీల చక్కటి నోట్సు రాసుకున్న మగపిల్లలు ఇద్దరు ఆ గొయ్యి మీదుగా నడిచి అవతలికి వెళ్లిపోయారు. వాక్యాల్లో ‘దరిమిలా’, ‘కాబట్టి’ అని రాసుకుంటూ పోతే చదువుకోవడానికి హాయిగా ఉంటుంది, లేని మెట్టు కూడా ఉన్నట్టే సాగిపోతుంది. కాగితం మీద బాణం వేసి క్రియ కోసం వెతకాల్సి వచ్చేసరికి అది బయటపడింది.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను: మ్యాప్ గీసేటప్పుడు ఫైలు మూసేయాలి. దీని వెనుక పరిశోధన ఉంది. 2011లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన కార్పికీ, బ్లంట్ ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. పాఠం ఎదురుగా పెట్టుకుని కాన్సెప్ట్ మ్యాప్ గీసిన విద్యార్థుల కన్నా, పాఠం మూసేసి గుర్తున్నది రాసుకున్నవాళ్లు వారం తరవాత పరీక్షలో బాగా చేశారు. మ్యాప్ మీద నమ్మకం పెట్టుకున్న నాలాంటివాళ్లకు ఇది మింగుడుపడే ఫలితం కాదు. అయితే అదే ఇద్దరూ 2014లో మరో ప్రయోగం చేశారు. మ్యాప్‌ను కూడా పాఠం చూడకుండా గీయిస్తే, గుర్తు తెచ్చుకుని రాయడంతో సమానంగా పనిచేసింది. లోపం మ్యాప్‌లో లేదు, ఎదురుగా పాఠం పెట్టుకుని ఎక్కించుకోవడంలో ఉంది. అందుకే మా దగ్గర ముందు ఫైలు మూసి గీస్తారు, తరవాత తెరిచి సరిచూసుకుంటారు. 

ఈమధ్య లాయర్లు పట్టుబట్టి అడుగుతున్నది కొత్త చట్టాల మ్యాప్. 2024 జూలై 1 నుంచి 511 సెక్షన్ల ఐపీసీ స్థానంలో 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన వేసిన పట్టికలు బజారులో ఎన్నో. 302 ఇప్పుడు 103, 420 ఇప్పుడు 318 అని చూసుకోవడానికి పట్టిక చాలు. మ్యాప్ అవసరమయ్యేది గీత నేరుగా పోని చోట. సంహితలో 304 కింద వచ్చిన స్నాచింగ్‌కు ఐపీసీలో విడిగా సెక్షనే లేదు కాబట్టి, ‘దొంగతనం’ నుంచి ‘విడిపోయింది’ అని రాశారు. 111లోని వ్యవస్థీకృత నేరానికి ‘కొత్తగా చేరింది’. ఐపీసీ 377కు ‘తీసేశారు’.

124ఏ దగ్గర క్లాసు రెండుగా చీలింది. 2022 మే 11న సుప్రీంకోర్టు పక్కన పెట్టించిన రాజద్రోహం సెక్షన్ అది. కొత్త సంహితలో ఆ పేరు లేదు, దేశ సార్వభౌమత్వానికి భంగం కలిగించే చర్యల మీద 152 ఉంది. రెంటి మధ్య గీత సరే, దాని మీద ఏ క్రియ? ‘తొలగింది’ అని ఒక అబ్బాయి, ‘రూపం మారింది’ అని బాణం కేసు అమ్మాయి. రెండు సెక్షన్ల మాటలూ ఒక్కొక్కటిగా బోర్డు మీద పెట్టి భోజనాల వేళ దాటేదాకా వాదించుకున్నారు. రెండు క్రియలూ గీత మీద అలాగే ఉంచాను. వచ్చే శనివారానికి ఆ అబ్బాయి ‘రూపం మారింది’ వైపు, ఆ అమ్మాయి ‘తొలగింది’ వైపు చార్టు గీసి తేవాలి.