కాలిన గోపురం ఉన్న ఊరు

పోకెమాన్ ప్రపంచంలో ఎక్రుటీక్ అని ఒక ఊరుంది. జపనీస్‌లో దాని పేరు ఎంజు. 1999 నవంబర్‌లో జపాన్‌లో గేమ్‌బాయ్ మీద వచ్చిన గోల్డ్, సిల్వర్ గేమ్‌ల కోసం పుట్టిన ఊరది, తర్వాత కార్టూన్ సిరీస్‌లోకీ వచ్చింది. క్యోటోని చూసి గీశారని ఆడినవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. అందులో ఇళ్ళూ షాపులూ కలిపి వేళ్ళ మీద లెక్కపెట్టేయొచ్చు. ఈ చివర నుంచి ఆ చివరకి నడవడానికి అర నిమిషం చాలు. అయినా నంద్యాలలో పెరిగిన నాకు అది ఊరులాగే అనిపించేది. అదే టీవీలో, అదే సోఫాలో కూర్చుని చూసిన ఢోలక్‌పూర్ మాత్రం ఎప్పుడూ ఊరులా అనిపించలేదు. ఎందుకా అని చాన్నాళ్ళుగా ఆలోచిస్తున్నా.

ఎక్రుటీక్‌లో ఒకప్పుడు రెండు గోపురాలుండేవి. ఒకటి ఇంకా నిలబడే ఉంది, టిన్ టవర్. రెండోది బ్రాస్ టవర్. నూటయాభై ఏళ్ళ క్రితం దాని మీద పిడుగు పడి తగలబడింది, తర్వాత వాన కురిసి ఆరింది. ఆ మంటల్లో మూడు ప్రాణులు చనిపోతే హో-ఓ అనే పక్షి వచ్చి వాటికి మళ్ళీ ప్రాణం పోసిందట. ఒకటి పిడుగు, ఒకటి మంట, ఒకటి వాన. కథ ఇంతే. దీన్ని గేమ్ మనకెక్కడా ఒకేచోట కూర్చోబెట్టి చెప్పదు. ఊళ్ళో ఒకాయన ఒక ముక్క చెబుతాడు, ఇంకొకరు ఇంకో ముక్క. మిగిలింది మనమే కలుపుకోవాలి. ఏ ఊళ్ళోనైనా స్థలపురాణం మన చెవిన పడేది ఇలాగే కదా.

క్యోటోలో కింకకుజి, అంటే బంగారు మండపం, 1950లో నిజంగానే తగలబడింది. నిప్పు పెట్టింది అక్కడే ఉండే ఒక యువ సన్యాసి. 1955కల్లా దాన్ని మళ్ళీ కట్టేశారు. ఇవాళ వెళ్ళినవాళ్ళు ఫోటో తీసుకునేది ఆ కొత్తదాన్నే. గేమ్ తయారుచేసినవాళ్ళు ఇందులోంచి ఏం తీసుకున్నారో చూడండి. కొత్తదాని మెరుపు వదిలేసి బూడిద తీసుకున్నారు. ఊరి నడుమ కాలిన దూలాలు, కన్నాలు పడిన నేల అలాగే ఉంచేశారు. జనం దాని పక్కనుంచే పనులకి వెళ్ళొస్తుంటారు. ఒక ఊరికి గతం ఉందని పిల్లలకి చూపించడానికి ఇంతకంటే చవకైన, ఇంతకంటే మంచి ఉపాయం నాకు తోచదు. అదీ అంత చిన్న తెర మీద.

ఇది నాకెందుకంత తొందరగా అర్థమైందంటే, నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం వెళ్ళినవాడిని కాబట్టి. ఎగువ అహోబిలంలో చీలి నిలబడ్డ ఒక కొండ కొమ్ముని చూపించి ఉగ్రస్తంభం అంటారు. నరసింహస్వామి బయటికొచ్చిన స్తంభం అదేనట. అంటే మనం ఎక్కుతున్న కొండంతా హిరణ్యకశిపుడి కోటే. ఆ పక్కనే రక్తకుండం, చేతులు కడుక్కున్న చోటు. భూగర్భశాస్త్రం చదివినవాడు వేరే చెబుతాడు, చెప్పనీ. అక్కడ నడిచేవాడు మాత్రం కూలిన ఒక నగరంలో నడుస్తున్నట్టే నడుస్తాడు. నవ నారసింహాలు తొమ్మిదీ చూడాలంటే అడవిలో పడి పోవాలి. నంద్యాల చుట్టూ నవ నందులున్నాయి, కార్తీక సోమవారాల్లో అన్నీ ఒక్కరోజులో చుట్టొచ్చేవాళ్ళుంటారు. ఎనిమిది జిమ్‌లు తిరిగి ఎనిమిది బ్యాడ్జీలు సంపాదించే ఆట మా వైపు పిల్లలకి కొత్త ఎలా అవుతుంది? (పాత గేమ్‌లో టిన్ టవర్‌కి తొమ్మిది అంతస్తులు. యాదృచ్ఛికమే. కానీ అప్పట్లో నాకు భలే సంబరంగా ఉండేది.)

కార్టూన్ విషయానికొస్తే, ఊరి మీద అది గేమ్ పెట్టినంత శ్రద్ధ పెట్టలేదనే చెప్పాలి. అమెరికాలో ఇంగ్లీషు చేసినవాళ్ళు జపాన్ వాసన తగలకుండా చాలా తంటాలు పడ్డారు. సతోషి యాష్ అయ్యాడు, మత్సుబా మోర్టీ అయ్యాడు. ఓనిగిరి అనే అన్నం ముద్ద చేతిలో కళ్ళెదుట కనిపిస్తుంటే దాన్ని డోనట్ అన్నారు. మన దగ్గరికి హిందీలో వచ్చింది ఆ ఇంగ్లీషు వడపోత తర్వాతిదే. కానీ ఎక్రుటీక్‌ని ఎంత కడిగినా క్యోటో పోలేదు. కిమోనో కట్టుకున్న అక్కచెల్లెళ్ళ పేరు మార్చొచ్చు, బట్టలు మార్చలేరు కదా. తమాషా ఏంటంటే వాళ్ళు పెట్టిన కొత్త పేరులోనే మనది ఒకటి ఉంది. ఎక్రుటీక్‌లోని టీక్ మన టేకే. మలయాళం నుంచి పోర్చుగీసువాళ్ళ నోట పడి ఇంగ్లీషుకి చేరిన దక్షిణాది మాట. నల్లమల పక్కన పెరిగినవాడికి ఆ మాట చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఢోలక్‌పూర్. ఛోటా భీమ్ 2008లో పోగోలో మొదలైంది. తీసింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ. తెలుగు నేల మీద పుట్టిన కార్టూన్ ఊళ్ళలో దానికన్నా పేరున్నది లేదు. అందులో రాజా ఇంద్రవర్మ ఉన్నాడు, టున్‌టున్ మౌసీ లడ్డూలున్నాయి. కానీ ఆ రాజుకి ముందు ఎవరేలారు? ఆ ఊళ్ళో ఏది కూలిపోయింది? ఏ నది ఒడ్డున ఉంది, అక్కడ ఏ చెట్లు పెరుగుతాయి? ఏమో. ప్రతివారం ఏదో రాక్షసుడో దొంగో వస్తాడు, భీమ్ లడ్డూ తిని తంతాడు, మరుసటి వారానికి ఊరు మళ్ళీ శుభ్రంగా ఉంటుంది. దెబ్బ తగిలిన గుర్తు ఒక్కటీ మిగలదు. ఏ ఊరూ కాని ఊరైతే ఏ రాష్ట్రంలోనైనా అమ్ముడుపోతుందనే లెక్క ఉండి ఉంటుందని నా ఊహ. లెక్క తప్పని కూడా అనలేం, ఊరూరా అమ్ముడుపోయింది. కాకపోతే ఎక్రుటీక్ ఇంకా ఎక్కువ దేశాల్లో అమ్ముడుపోయింది, క్యోటోలానే ఉండి.

మన ఊళ్ళతో అలా ఆడితే మనోభావాలు దెబ్బతింటాయంటారు ఫ్రెండ్స్. ఆ భయం ఉత్తుత్తిదేం కాదు. కానీ ఆళ్ళగడ్డలో శిల్పుల పనిచోట్లకి వెళ్ళి చూడండి. సగం చెక్కిన నంది, తల ఇంకా రాయిలోనే ఉన్న హనుమంతుడు, ఆ పక్కనే ఏదో ఊరికి పోవాల్సిన నాయకుడి విగ్రహం. నేత్రోన్మీలనం జరిగి కళ్ళు తెరుచుకునేదాకా దేవుడి విగ్రహమైనా రాయే. దాని భుజం మీద చెయ్యేసి మాట్లాడుకోవచ్చు, ఉలి ఆనించొచ్చు. రాయికీ దేవుడికీ మధ్య ఉన్న ఆ వ్యవధి మన సంప్రదాయమే ఇచ్చింది. కథ చెప్పేవాళ్ళు దాన్ని వాడుకోవడం మానేశారంతే.

నా అసలు భయం వేరే. ఎక్రుటీక్‌లో నాకు నచ్చనిది కిమోనో అమ్మాయిల నాట్యశాల. ఐదుగురు, ఈవీ మారగల ఐదు రూపాలు, ఐదు పోటీలు. అందంగానే ఉంటుంది, పోస్ట్‌కార్డు అందం. ఆ అమ్మాయిలు డాన్స్ ఎందుకు చేస్తున్నారో, ఎవరికి నేర్పుతున్నారో ఆ గేమ్‌కి పట్టలేదు. 2009లో వచ్చిన రీమేక్‌లో వాళ్ళని కథ మధ్యలోకి తెచ్చారు, అక్కడా మన హీరోని పరీక్షించడమే వాళ్ళ పని. రేపు ఎవరైనా అహోబిలాన్ని గేమ్‌గా తీస్తే చెంచులకి పట్టే గతి ఇదేనేమో. విల్లు, ఈకలు, ఒక డాన్స్ స్టెప్పు. చెంచులక్ష్మి స్వామికి భార్య. ఆ లెక్కన చెంచులు అత్తారింటివాళ్ళు, ఆ అడవి సొంతదారులు. అలంకారం కోసం తెచ్చి పెట్టినవాళ్ళు కారు. గోపురం గీయడం తేలిక, ఈ చుట్టరికం గీయడమే కష్టం.

అయినా ఆ గేమ్ దగ్గర నేర్చుకోవలసింది ఒకటి మిగిలింది. కాలిన గోపురం నేలమాళిగలోకి దిగితే ఆ మూడు ప్రాణులూ అక్కడే ఉంటాయి. మనల్ని చూడగానే లేచి తలో దిక్కుకీ పరిగెత్తిపోతాయి. అప్పట్నుంచి అవి ఆ ఊరివి కావు. జోహ్టో అంతా తిరుగుతుంటాయి. గడ్డిలో నడుస్తుంటే ఏదో ఒక రోజు ఒకటి ఎదురుపడి, మనం చెయ్యెత్తేలోపే మాయమవుతుంది. సంక్రాంతి దాటాక అహోబిలం స్వామి కూడా ఇలాగే కొండ దిగి పల్లకీలో పార్వేటకి బయల్దేరతాడు. సుమారు 40 రోజులు, 30కి పైగా ఊళ్ళు. తన పెళ్ళికి రమ్మని తానే పిలవడానికి వస్తాడని చెబుతారు. ఆ రోజుల్లో ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఎవరినైనా స్వామి ఎక్కడున్నాడని అడిగితే గుడి వైపు చూపించరు. నిన్న ఫలానా ఊళ్ళో ఉన్నాడు, రేపు ఇటొస్తాడు అంటారు.